పాత ధాన్యమును బీరుగా మార్చుట ధర్మమా?

మా అక్కగారి కుమారుడు అమెరికా దేశమున నుద్యోగము చేసికొనుచు, తీరిక దినములయందు ఇంటనే బీరు కాచుట నేర్చినాడు. మేము మద్యపానమును వర్జించినవారమనియు, ఆ విషయమై సభలలో ప్రసంగించువారమనియు నెఱిగియుండియు, అతడు ఇటీవల మాకొక లేఖ వ్రాసి సలహా యడిగెను. విషయమిది. రెండేండ్ల క్రిందట అతడు ఇరువదియైదు కిలోల మాల్టు బస్తా నొకదానిని కొని, కొంత వాడి, మిగిలినదానిని మోటారుబండి నుంచు కొట్టములో పెట్టి మఱచెను. ఈ మధ్య విప్పి చూడగా పైభాగము బాగుగనే యున్నది. నడుమ నక్కడక్కడ ముక్కుపురుగులు కనబడినవి. నేలను తాకిన యడుగుభాగము చెమ్మతగిలి బూజుపట్టినది. క్రొత్త యింట ప్రవేశించు సందర్భమున మిత్రులకు విందుచేయవలెనని యతని యుద్దేశము. “బూజును దులిపి, అంతయు కలిపి కాచెదను. గంటసేపు మరుగునప్పుడు ఏ దోషము మిగులును? మరీ చెడినదానిని పొరుగువారి కోళ్లకు వేయుదును. ధాన్యమును పాఱవేయుట పాపము గదా, మామయ్యా! అన్నము పరబ్రహ్మమని మీరే చెప్పుదురు గదా!” అని యతడు వ్రాసెను.

“త్రాగకుము” అను నొక్కమాటతో మేమా లేఖకు బదులు వ్రాసియుండవచ్చును. కాని యతడు మమ్మడిగిన ప్రశ్న యది కాదు. పానము మంచిదా చెడ్డదా యని యతడడుగలేదు. చెడిపోవుచున్న ధాన్యమును వాడుకొనుట మంచిదా, పాఱవేయుట మంచిదా యని యడిగెను. అడిగిన ప్రశ్నను విడిచి అడుగనిదానికి బదులు చెప్పుట న్యాయస్థానములో చెల్లదు, ధర్మవిచారమునందును చెల్లరాదు. మఱియు ఆ లేఖలోని యొక వాక్యము మమ్ము రెండు రాత్రులు నిద్రపోనీయలేదు. ఏల నిద్రపోనీయలేదో ముందు చెప్పెదము.

మొదట విషయమును తెలిసికొందము. బీరనగా ప్రధానముగ యవలనుండి చేయు పానీయము. యవలను నానబెట్టి, మొలక రానిచ్చి, ఆ మొలక మిక్కిలి సాగకమునుపే వేడిగాలిచే నాఱబెట్టినచో మాల్టగును. రాగులను మొలకగట్టి, యెండబెట్టి, పిండిపట్టి బిడ్డలకు జావ కాచు మన తల్లులకు ఈ పని క్రొత్తది కాదు. మొలకెత్తు గింజయందు ఎంజైములను పదార్థములు వృద్ధియగును. మాల్టును నలుగగొట్టి, సుమారు 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల నీటిలో నొక గంట యుంచినప్పుడు, ఆ యెంజైములు గింజలోని పిండిని చక్కెరగా మార్చును. ఆ తియ్యనినీటిని వడగట్టి, హాప్సు అను చేదుపూవులను వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టును చేర్చినయెడల, అది చక్కెరను తిని ఆల్కహాలును బొగ్గుపులుసు వాయువును విడుచును. ఇదియే బీరు.

అతడున్న దేశమున నిది చట్టవిరుద్ధము కాదు. 1978వ సంవత్సరమున అధ్యక్షుడగు జిమ్మీ కార్టరు సంతకము చేసిన చట్టమువలన, 1979 మొదలు, సొంత వాడుకకై పన్ను లేకుండ ఇంట బీరు కాచుకొనుటకు అచ్చటి కేంద్రప్రభుత్వము అనుమతించినది. పెద్దవారొక్కరేయున్న యింట ఏడాదికి 100 గాలనులు, ఇద్దఱు లేక అంతకెక్కువమంది యున్న యింట 200 గాలనులు మితి, అమ్మరాదు. రాష్ట్రములలో కడపటివైన అలబామా, మిసిసిపీలు 2013లో సమ్మతించినవి. ఇంగ్లండునందు 1963 నుండియే యిట్టివారికి లైసెన్సు అక్కఱలేకపోయెను. మన తెలుగుదేశముననో, లైసెన్సు లేక మత్తుపానీయమును చేయుట నేరము. కావున నిచ్చటి పాఠకులెవ్వరును ఈ వ్యాసమును అనుమతిపత్రముగా భావింపరాదు. న్యాయవాదవృత్తిలో నున్న మాకు నిత్యము కనబడు సత్యమొకటి కలదు: చట్టము వలదన్నదానిని చేయకుండుట ధర్మమునకు మొదటి మెట్టే కాని కడపటి మెట్టు కాదు. చట్టము ఊరకున్నచోటనే మనస్సాక్షి మాటాడవలసియుండును.

ఇక ధాన్యమును గూర్చి. ప్రాతదనము దానంతట నది దోషము కాదు. మన యిండ్లలో క్రొత్తబియ్యముకంటె పాతబియ్యమునకే గౌరవమెక్కువ. క్రొత్తవి ముద్దగట్టును, పాతవి పొడిపొడిగ నుడుకును. రోగికి పథ్యము పెట్టునప్పుడు పాతబియ్యమునే వెదకుదుము. మాల్టు సంగతియు కొంతవఱకు నిట్టిదే. గింజగనే, పొడిగ, చల్లనిచోట, గాలి చొరకుండ నుంచినచో అది యేడాదికి పైగా నిలుచును. నలుగగొట్టినదైనచో కొలది నెలలలోనే సారము తగ్గును. మంచి మాల్టులో తేమ నూటికి నాలుగైదు పాళ్లు మాత్రమే యుండును. అట్టిదానిని కొఱికిన కరకరలాడుచు తియ్యగ నుండును. మెత్తగ సాగినచో గాలిలోని చెమ్మను పీల్చినదని యర్థము. పాతబడినకొలది ఎంజైముల బలము తగ్గును గనుక పిండి యంతయు చక్కెర కాకపోవచ్చును. నానిన నీటిని ఒక చుక్క తీసి దానిపై అయోడిన్ వేసినప్పుడు నీలినలుపు రంగు తేలినచో పిండి యింకను మిగిలియున్నదని తెలియును. అప్పుడు కొంత క్రొత్త మాల్టును కలిపిన లోపము తీరును. కొలదిపాటి ముక్కుపురుగు అసహ్యమే కాని విషము కాదు, జల్లించి తీసివేయవచ్చును. ఈ రెండు విధములైన దోషములవలన చెడునది రుచియు రాబడియు మాత్రమే. నష్టము కాచువానిదే, అతడు దానిని సహింపవచ్చును.

బూజు సంగతి యట్టిది కాదు. 1960లో ఇంగ్లండుదేశమున లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియని వ్యాధితో చచ్చెను. విచారింపగా, వాని మేతలో కలిపిన వేరుసెనగపిండి బూజుపట్టినదని తేలెను. ఆ బూజు గింజలో నుత్పత్తిచేయు విషమునకే తరువాత అఫ్లటాక్సిన్ అను పేరు వచ్చినది. అది కాలేయమును చెఱచును. చిరకాలము లోనికి పోయినచో రాచపుండును కలిగించి ప్రాణము తీయవచ్చును. నీటి మరుగునకు అది నశింపదు. బీరు కాచినప్పుడు కొంత పానీయములోనికి దిగును, కొంత పిప్పిలో నిలుచును. ఆ పిప్పిని పశువులకు పెట్టినచో కొంత మాఱురూపమున పాలలోనికి వచ్చును. బూజంతయు విషము కాదు, నిజమే. కాని యేది విషమో కన్ను చెప్పజాలదు, ముక్కు చెప్పజాలదు. దులిపినప్పుడు పైనున్న బూజు పోవును. గింజలోనికి దిగిన విషము పోదు.

ఇది కోళ్లతో ముగిసిన కథ కాదు. 1974లో గుజరాతులోని పంచమహలు, రాజస్థానములోని బాంస్వాడా జిల్లాల పల్లెలలో, అకాలవర్షమునకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్నను తిని పేదలు కామెరలపాలైరి. నూఱుమందికి పైగా మరణించిరి. ఆ గింజనే తిన్న వారి యిండ్ల కుక్కలును చచ్చినవి. దాని కారణమును పరిశోధించి లోకమునకు తెలిపినవారు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు. ఆ పల్లెవాసులకు గింజ చెడినదని కనబడలేదా? కనబడియేయుండును. చెడిన గింజను కన్ను వలదన్నను కడుపు కావలెనన్నప్పుడు ఎవరి మాట నెగ్గునో ఆకలిగొన్నవారికి తెలియును, మనవంటివారికి తెలియదు.

ఇప్పుడు మమ్ము నిద్రపోనీయని వాక్యమును గూర్చి చెప్పెదము.

మా తాతగారు మెట్టభూములు గల రైతు. మా బాల్యమున ఆయన యింటి వాకిట జొన్నల పాతర యుండెడిది. పాతర తెఱచిన దినమున మొదట దీపమును దింపి, అది యాఱకున్ననే మనుష్యుని దింపెడివారు. లోపలి చెడుగాలికి ప్రాణములు పోయిన కథలను మాకు చెప్పెడివారు. ఒకయేడు వాననీరు పాతరలోనికి దిగెను. నడుమనున్న జొన్నలు తెల్లగనే యున్నవి. గోడల ప్రక్కనున్నవి నల్లబడి, ముక్కి, కట్టలుగట్టినవి. నడిమి జొన్నలను మా యింటికి చేర్చిరి. ప్రక్కవానిని కలుపుతీతకు వచ్చిన కూలివారికి కుంచముతో కొలిచి యిచ్చిరి. అందొక స్త్రీ చెఱగున పట్టిన గింజలను వాసన చూచి, వెనుకకు వచ్చి, కోపము లేని కంఠముతో, “అయ్యా, ఇవి గొడ్లకా, మాకా?” అని యడిగెను. మా తాతగారు, “కడిగి యెండబోసికొనుము. గింజను పాఱవేయుట పాపము” అనిరి. ఆమె మాఱుమాటాడక వెడలిపోయెను.

మా తాతగారు క్రూరులు కారు. వేసవిలో చలివేంద్రము పెట్టించెడివారు. ఊరి పాఠశాలకు స్థలమిచ్చిరి. మా కళాశాల చదువునకు సొమ్మిచ్చినదియు ఆయనయే, అనగా ఆ పాతరయే. ఆయన చెప్పిన మాట అబద్ధమును కాదు. గింజను పాఱవేయుట పాపమే. కాని ఆ మాటను పలికిన నోరు ఆ గింజను తినలేదు. ఆ గింజలవలన ఆమె యింట ఎవరికేమైనదో మేమెన్నడును అడుగలేదు. అడుగకపోవుటయే మా నేరమని యిప్పుడు తోచుచున్నది. నలువది యేండ్లకు సమీపించుచున్న కాలము తరువాత, సముద్రములకావలనుండి, మా మేనల్లుని లేఖలో అదే వాక్యము తిరిగి వచ్చెను: పాఱవేయుట పాపము గదా!

ఈ వాక్యమును పరీక్షింపవలెను. ఇది సత్యమగుటకు రెండు నియమములు కలవని మా యభిప్రాయము. మొదటిది: ఈ మాట చెప్పువాడు ఆ వస్తువును తాను గ్రహింపవలెను. రెండవది: ఇతరులకు పెట్టునప్పుడు, తానెఱిగినదంతయు వారికిని తెలుపవలెను. “నేనును త్రాగుదును గదా” యని మా మేనల్లుడు అనవచ్చును. కావచ్చును, మొదటి నియమము తీరినది. కాని విందునకు వచ్చినవారికి బస్తా యడుగు కనబడదు. వారు పుచ్చుకొనునది పాత్రను కాదు, మిత్రుని మీది నమ్మకమును. తెలిసి యిచ్చిన సమ్మతియే సమ్మతియని న్యాయశాస్త్రము చెప్పును. తెలియనివాని సమ్మతి కాగితముమీద సంతకమువంటిదే కాని మనస్సు యొక్క యొప్పుదల కాదు. చెప్పుటకు సిగ్గగుచున్నదా? ఆ సిగ్గే తీర్పు. “ఇందులో బూజుపట్టిన గింజ కలదు” అని యతిథితో చెప్పి పోయగలిగిన బీరును ఎవ్వడును కాచడు.

ఇందుకు కొందఱిట్లు ఆక్షేపింతురు: “బూజు మాట విడువుడు. మంచిగనున్న పాత గింజనైన వాడుకొనవచ్చునా? వాడకున్న నది చెత్తకుండిపాలగును గదా.” ఈ యాక్షేపణమునందు బలము కలదు. లండనులో స్థాపింపబడిన టోస్ట్ అను సంస్థవారు, అమ్ముడుపోక మిగిలిన రొట్టెలను మాల్టులో కొంతభాగమునకు బదులుగా వేసి బీరు చేయుచున్నారు. రొట్టెలో పిండి కలదు కాని ఎంజైములు లేవు; కావున మాల్టుతో కలిపియే వాడవలెను. అందువలన కొంత యవ మిగులును, రొట్టెయు మట్టిపాలు కాదు. దీనిని మేము నిందింపము. అయినను “బీరా, చెత్తకుండియా” యని రెండే దారులను చూపుట న్యాయము కాదు. మంచి మాల్టు తినదగిన గింజ. దానిని పిండిపట్టి రొట్టె చేయవచ్చును, జావ కాయవచ్చును, పదిమందికి పంచిపెట్టవచ్చును. మూడవ దారి యుండగా దానిని దాచి రెండే యున్నవనుట, తీర్పును ముందుగనే వ్రాసికొని వాదమును తరువాత కల్పించుటయగును.

ధాన్యము మొదట ఎవరిది యను ప్రశ్న నూతనమైనది కాదు. 1516లో బవేరియాలోని ఇంగోల్‌స్టాట్ నగరమున ప్రకటింపబడిన శాసనము బీరునకు యవలు, హాప్సు, నీరు మాత్రమే వాడవలెనని విధించెను. గోధుమయు రై ధాన్యమును రొట్టెలవారికి మిగులవలెననుట దాని యుద్దేశములలో నొకటియని చరిత్రకారులు చెప్పుదురు. 1917లో యుద్ధకాలమున అమెరికావారు ఆహారనియంత్రణచట్టము చేసి, ఆహారధాన్యమునుండి బట్టీసారాలను దించుటను నిషేధించిరి. ఆ శాసనకర్తలందఱు మద్యద్వేషులు కారు. అయినను, గింజ కొఱత కలిగినప్పుడు నోటి తరువాతనే గ్లాసు అను క్రమమును వారు గుర్తించిరి. గింజ సమృద్ధిగ నున్నప్పుడు ఈ క్రమమును మనము మఱచుచున్నాము. మఱచినందుననే అది బస్తాలలో ముసలిదగుచున్నది.

కావున వ్యర్థమును గూర్చిన విచారము బస్తా విప్పిన దినమున కాదు, బస్తా కట్టిన దినముననే మొదలుకావలెను. మా మేనల్లుడు నేడు గింజను పాఱవేయుట లేదు. రెండేండ్ల క్రిందట, చౌకగ వచ్చుచున్నదని అక్కఱకు మించి కొన్ననాడే పాఱవేసినాడు. పాపము గడచిపోయినది, మిగిలినది ఫలము. ఆ ఫలమును అతిథుల గ్లాసులలోనికి ఒంపినంతమాత్రమున పాపము పోదు, మఱికొందఱికి పంచబడును. మా తాతగారును అంతే. పాతర కప్పును ఏటేట బాగుచేయింపని దోషమునకు కూలివారి కుంచములలో ప్రాయశ్చిత్తము వెదకిరి.

పానమును గూర్చి మా మతమును దాచుట కపటమగును గనుక ఒక్కమాట చెప్పెదము. 1992లో నెల్లూరు జిల్లాలోని దూబగుంట గ్రామమున అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారా దుకాణముపై తిరుగబడిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకి, 1993లో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను. 1997లో ఆ నిషేధము సడలింపబడెను. చట్టము వచ్చినది, పోయినది. కాని కూలిడబ్బు ఇంటికి రాకమునుపే దుకాణమున కఱగిపోవుచున్నదన్న ఆ స్త్రీల మాట యిప్పటికిని సత్యమే. వారి యభియోగమునకును మా యూరి స్త్రీ ప్రశ్నకును మూలమొక్కటే: నోటికి రావలసిన గింజ ఎచ్చటికి పోవుచున్నది? పాత ధాన్యముతో చేసినంతమాత్రమున మద్యము పొదుపు కాజాలదు. పొదుపను మంచి పేరును తగిలించి ఇష్టమును తీర్చుకొనుట మనకందఱకు అలవాటే. త్రాగనివారమగు మేమును ఇతర విషయములలో దీనికి లోబడియే యున్నాము.

మేము మా మేనల్లునికి వ్రాసిన బదులు చిన్నది. “నీ దేశమున చట్టము నిన్ను వారింపదు, నీ వయస్సు వచ్చినవానిని మేమును వారింపజాలము. త్రాగకున్న సంతోషింతుము. బూజుపట్టినదానిని, దానిని తాకియున్నదానిని తీసి పాఱవేయుము, కోళ్లకు వేయకుము, ఆ కోళ్ల గ్రుడ్లను తినువారును మనుష్యులే. పైనున్న మంచి గింజను కొఱికి చూచి, కరకరలాడిన రొట్టెకు వాడుకొనుము. బీరే కాచుకొందువేని, అది పాత గింజయని త్రాగువారికి చెప్పుము. ఇకమీదట అక్కఱకు మించి కొనకుము.” దీని క్రింద పాతర కథనుకూడ వ్రాసితిమి, అంతకుముందు దానిని మేమెవ్వరికిని చెప్పియుండలేదు.

పది దినములకు బదులు వచ్చెను. అడుగుభాగమును పాఱవేసినాడట. మిగిలినదానిలో సగము పిండిపట్టించి రొట్టె చేసినాడట. అది గట్టిగ వచ్చినదట. మిగిలిన సగముతో బీరు కాచి, వచ్చినవారికి సంగతి చెప్పగా, కొందఱు నవ్వి త్రాగిరట, ఒకరు వలదనిరట. బీరు కాచుట మానుదునని యతడు వ్రాయలేదు. వ్రాసినాడని చెప్పి మేము పాఠకులను మోసగింపము. కాని లేఖ చివర నొక ప్రశ్న యుండెను: “ఆమె పేరేమి, మామయ్యా?” మాకు తెలియదు. ఆ యింట పదునేడేండ్లు పెరిగి, ఆ పొలములో ఏటేట కలుపు తీసిన యామె పేరు మేమడిగి తెలిసికొనలేదు.

పాఠకమహాశయులారా, మనలో పెక్కుమందికి పాతరలు లేవు. కాని కొట్టుగదులు కలవు, బీరువాలు కలవు, చేతిలో ధనము కలదు. మన దానములను ఒక్కసారి పరీక్షించుకొందము. పండుగకు ముందు ఇల్లు సర్దుకొనుచు పనివారికిచ్చు పప్పుధాన్యములలో మనము వండుకొనదగినవెన్ని? ఇయ్యదలచినదానిని చెడకముందే యియ్యవలెను. చెడిన తరువాత నిచ్చునది దానము కాదు, చెత్తను మఱొకరి వాకిటికి తోయుటయే. “ఇవి గొడ్లకా, మాకా?” అని యా స్త్రీ యడిగిన ప్రశ్నకు మా తాతగారు చెప్పవలసిన బదులు నేడు మాకు తెలిసినది. గొడ్లకును కాదు, మీకును కాదు. నడుమనున్న తెల్లని జొన్నలే మీకును, మాకును.